బెన్ నెవిస్ మీద మోటారు బండి

1911 మే నెలలో హెన్రీ అలెగ్జాండర్ అనే ఎడింబరో యువకుడు ఫోర్డు మోడల్ టి కారును స్కాట్లండులోని బెన్ నెవిస్ శిఖరానికి చేర్చాడు. ఎత్తు 1,345 మీటర్లు. బ్రిటన్‌లో అంతకు మించిన కొండ లేదు. తండ్రి ఆ కార్ల వ్యాపారి, కనుక ఆ సాహసంలో సగం ప్రకటనేనని నా అభిప్రాయం.

కొండమీద గుర్రాల బాట ఒకటి అప్పటికే ఉంది. 1883లో శిఖరం మీద వెలసిన వాతావరణ పరిశోధనశాల కోసం వేసినదది. (1894లో అక్కడి మబ్బుల్లో వెలుగు వలయాలు చూసి ముగ్ధుడైన సి.టి.ఆర్. విల్సన్‌కు 1927లో నోబెల్ బహుమతి దక్కడం వేరే కథ.) శాల 1904లో మూతపడింది, బాట మిగిలింది. అయితే కారుకు బాట ఒక్కటే చాలలేదు. కింద చక్రాలను మింగే బురదనేల, పైన బండరాళ్లు, ఆపైన మంచు. ఎక్కడానికి అయిదు రోజులు పట్టింది.

నాటి ఛాయాచిత్రాలలో నా చూపు కారు మీద నిలవదు. దాని చుట్టూ మూగి, లాగుతూ నెడుతూ ఉన్న కూలీల మీదకే పోతుంది. ఎక్కింది కారా, వాళ్లా?

2011లో, నూరేళ్ల పండుగకు, స్వచ్ఛంద సేవకులు మరో మోడల్ టిని విడిభాగాలుగా మోసుకెళ్లి శిఖరాన బిగించారు. 2018లో ఫోర్ట్ విలియం ఊళ్లో కంచు కారు వెలసింది. చక్రం పట్టుకుని అలెగ్జాండర్ ఒక్కడే కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీ. యాత్రికులు అందులో కూర్చుని ఫోటోలు దిగుతుంటారు.