కాటన్ దొర గురించి మన ఫోన్లలో తిరిగే మాటలు



ఏటా మే 15 వస్తే కోనసీమలో కాటన్ దొర విగ్రహాలకు దండలు పడతాయి. ఆ వారమంతా మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు తిరుగుతాయి. ఒకటి మనవాళ్లు పంపేది: కాటన్ ఒక మిషనరీ, ఎడారిలా ఉన్న కోనసీమను పచ్చగా మార్చాడు, ఆయన కట్టిన బ్యారేజీ మీదే ఈ రోజుకీ మనం బస్సుల్లో వెళ్తున్నాం అని. రెండోది దానికి జవాబుగా వచ్చేది: తెల్లవాడికి ఏ విద్యా రాదు, మన పూర్వీకుల దగ్గర దొంగిలించాడు, పన్నులు పిండుకోవడానికి, మతం మార్చడానికి ఆనకట్ట కట్టాడు అని. ఈ ఏడు మన యవనస్థులు కొందరు ఈ గొడవలో దిగి, చిన్నప్పటి నుంచి ఒకే బడిలో చదువుకున్న స్నేహితులతో మాట్లాడటం మానేశారని ఇళ్ల దర్శనానికి వెళ్లినప్పుడు తెలిసింది. అందుకని ఈ వారం వాక్యధ్యానానికి బదులు కొంచెం చరిత్ర రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

మొదట మన మెసేజ్ సంగతి చూద్దాం. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ ముందు మనకే గదా ఇచ్చింది.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టాడు. 1821లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో ఇంజనీరుగా వచ్చాడు. జీతం కంపెనీది, ఉద్యోగం కంపెనీది. భక్తిపరుడైన క్రైస్తవుడే, అందులో సందేహం లేదు. అంతమాత్రాన మిషనరీ అయిపోడు. మన డెల్టాకు సువార్త తెచ్చిన బౌడెన్, బీర్ దంపతులు 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరారు. వాళ్లను పిలుచుకొచ్చిన ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్‌కు, కాటన్‌కు పరిచయం ఉంది. కానీ నరసాపురం, పాలకొల్లు వైపు వాళ్లు పని మొదలుపెట్టేనాటికి కాటన్ తన ఆనకట్ట నివేదికలు ఇంకా రాయలేదు. కాబట్టి ఆనకట్ట వల్ల సువార్త వచ్చిందనే మన మాటా నిలవదు, సువార్త కోసం ఆనకట్ట కట్టారనే వాళ్ల మాటా నిలవదు.

ఇక ఎడారి మాట. ఇది ఎవరు పుట్టించారో గాని, వింటే మన తాతలు నవ్వుతారు. కోనసీమ ఎన్నడూ ఎడారి కాదు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద కొబ్బరి, అరటి, లంక పంటలు కాటన్‌కు ముందూ ఉన్నాయి. లేనిది నమ్మకం. వాన పడితే పంట, పడకపోతే పస్తు. వరద వస్తే ఉన్నదీ పోయె. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది, ఆ దెబ్బ గోదావరి సీమకూ తగిలింది. 1839 నవంబరులో తుపాను కోరంగిని ముంచింది. దీనికి తోడు నేతపని పోయింది. ఇంజరం, మాధవాయిపాలెం దగ్గర కంపెనీ కొనే బట్టల మీద వేల ఇళ్లు బతికేవి. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వర్తకమే మానుకుంది, మాంచెస్టర్ బట్ట వచ్చి పడింది, మగ్గాలు ఆగిపోయాయి. 1821 తర్వాత ఇరవై ఏళ్లలో అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా ఏడు లక్షల పైనుంచి ఆరు లక్షల లోపుకు పడిపోయింది. ఆ పోయినవాళ్లందరినీ తిండిలేమి ఒక్కటే చంపలేదు, చాలామంది ఊళ్లు వదిలి పోయారు. ఈ కష్టంలో సగం ఆకాశం నుంచి వచ్చింది, సగం కంపెనీ పాలన నుంచే వచ్చింది. కాటన్‌ను పొగిడేటప్పుడు మనవాళ్లు ఈ రెండో సగం ఎప్పుడూ చెప్పరు.

ఈ దుస్థితి ఏమిటో చూసి రమ్మని 1843లో హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని పంపారు. నీటి పనులు చేయాలని, దానికి కాటన్‌ను పిలవాలని ఆయన చెప్పాడు. కాటన్ నది గట్లు తిరిగి నివేదికలు రాశాడు. వాటిలో జాలి ఉంది, లెక్క కూడా ఉంది. ఇంత ఖర్చు పెడితే ఇంత శిస్తు పెరుగుతుందని చూపిస్తేగాని కంపెనీ దొరలు పైసా ఇవ్వరు. 1846లో అనుమతి వచ్చింది, 1847లో పని మొదలైంది, 1852లో ముగిసింది. పన్నుల కోసమే కట్టారన్న రెండో మెసేజ్‌లో ఈ మేరకు నిజం ఉంది, ఒప్పుకోవాలి. అయితే అనుమతి ఇచ్చినవాళ్ల బుద్ధి ఒకటి, అడిగినవాడి బుద్ధి ఒకటి. కాలువలకు ఎందుకు ఖర్చు పెట్టరు, రైళ్లకే ఎందుకు పోస్తారు అని కాటన్ ముసలితనం వరకు ప్రభుత్వంతో పోట్లాడుతూనే ఉన్నాడు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి ఆ వాదనకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. పన్నుల మనిషికి ఆ తిప్పలు ఎందుకు చెప్పండి?

ఇప్పుడు అసలు విద్య సంగతి. దీని మీద రెండు పక్షాలూ తప్పులో ఉన్నాయి, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం కూడా ఇదే.

ఆనకట్ట అంటే డ్యామ్ కాదు. నీళ్లు నిల్వ చేయదు. నదికి అడ్డంగా తక్కువ ఎత్తు గోడ కట్టి, నీటిమట్టాన్ని కొన్ని అడుగులు లేపి, పక్కన కాలువల్లోకి మళ్లిస్తుంది. వరద వస్తే గోడ మీదుగా పోతుంది. చిక్కల్లా పునాది దగ్గరే. గోదావరి అడుగున ఎంత తవ్వినా ఇసుకే, రాయి తగలదు. ఇసుక మీద ఇల్లు కట్టినవాడి గతి మనకు మత్తయి సువార్తలో తెలుసు. మరి ఇసుక మీద, అదీ గోదావరి వరదకు ఎదురుగా, గోడ ఎలా నిలబెట్టాలి?

ఆ జవాబు కాటన్‌కు కావేరి దగ్గర దొరికింది. గోదావరికి రాకముందు ఆయన తంజావూరు సీమలో పనిచేశాడు, 1836లో కొల్లిడం మీద ఆనకట్ట కట్టాడు. అక్కడ కల్లణై ఉంది. కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే, వందల ఏళ్లుగా ఇసుక మీద నిలిచిన కట్టడం. లోతు తెలియని ఇసుకలో పునాది వేయడం ఆ పాత కట్టుబడివాళ్ల నుంచే తాము నేర్చుకున్నామని కాటన్ స్వయంగా రాశాడు. దొంగిలించినవాడు అలా రాసిపెట్టడు. అలాగే, తెల్లవాడు తెచ్చిన విద్య అని గొప్పలు పోయే మనవాళ్లకు ఆ తెల్లవాడే జవాబు చెప్పి పోయాడు. ఇస్సాకు తన తండ్రి తవ్వించిన బావులను మళ్లీ తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడని ఆదికాండం 26వ అధ్యాయంలో చదువుతాం. ఆ అధ్యాయం ఈ వారం ఇంట్లో ఒకసారి చదువుకోండి.

ధవళేశ్వరం దగ్గర ఇసుకలో వరుసగా బావులు దింపి, వాటి మీద గోడ లేపి, దిగువన ఏటవాలుగా రాతి పరుపు వేసి, దాని ముందు విడిరాళ్లు గుట్టలుగా పోశారు. రాయి ధవళేశ్వరం కొండదే. పనిమధ్యలో, 1848లో, కాటన్ ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. ఆ కాలంలో పని నడిపింది ఓర్ అనే కెప్టెన్. కూలీలను, తాపీవాళ్లను సమకూర్చి పని చేయించింది వీణం వీరన్న గారు, మన తెలుగువారు. ఆయనకు తర్వాత రాయబహదూర్ బిరుదు వచ్చింది. మన గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా నగరం లంకకు కాలువ దాటించిన పాత అక్విడెక్టు ఉంది గదా, 49 కమానులది, అది హేగ్ అనే యువ ఇంజనీరు పని. అక్కడా వీరన్న గారి చేయి ఉంది. ఆ అక్విడెక్టు నూట యాభై ఏళ్ల దాకా రాజోలు వైపు పొలాలను తడిపింది. ఇప్పుడు నీళ్లు పారేది దాని పక్కన కట్టిన కొత్తదానిలో, దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

బస్సు వెళ్లే బ్యారేజీ కూడా కాటన్ కట్టినది కాదు. ఆయన ఆనకట్ట నూట ఇరవై ఏళ్లు దాటాక బలహీనపడితే, 1970ల్లో మన ఇంజనీర్లు కొత్తది మొదలుపెట్టి 1982లో పూర్తిచేశారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు భాగాలకు కలిపి 175 గేట్లు. పేరు మాత్రం కాటన్‌దే ఉంచారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకుంది ఆ కొత్త బ్యారేజీయే. ఆ గౌరవం దాన్ని కట్టినవాళ్లకు ఇవ్వాలి.

ఈ రెండు మెసేజ్‌లలో ఏదీ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. నీళ్లు వచ్చాయి సరే, ఎవరి పొలంలోకి వచ్చాయి? కాలువ తవ్విన గంప, పలుగు పట్టిన చేతులకు ఎంత భూమి దక్కింది? మన సంఘంలో చాలా కుటుంబాలు ఆ కాలువల కింద నాట్లు వేసి, కోతలు కోసి బతికినవే గాని ఆ కాలువల కింద పొలం ఉన్నవి కావు. ఆనకట్ట కరువును ఆపింది, ఊళ్లో ఎక్కువ తక్కువలను ఆపలేదు. విగ్రహం దగ్గర ఎవరి దండ ముందు పడాలని వాదించుకునేవాళ్లు దీని గురించి వాదించుకుంటే నేనూ వచ్చి కూర్చుంటాను.

2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు కోసం ఇళ్లు తగలబడ్డాక మన దగ్గర ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. సిగ్నల్ కోసం పిల్లలు గోదావరి గట్లకు వెళ్లడం మీరు చూశారు. ఫోనులో మాట ఎంత దూరం పోతుందో మన జిల్లాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. బెరయవారు పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాలతో సరిచూసుకున్నారు. ఫార్వర్డ్ చేసేముందు మీరూ సరిచూసుకోండి. స్నేహితులతో మాటలు మానేసిన తమ్ముళ్లు ఈ ఆదివారం లోపు వెళ్లి పలకరించండి.

ఒక్క మనవి. ఆనకట్ట పనిలో, కాలువ తవ్వకంలో రాళ్లు మోసిన వేలమంది పేర్లు చరిత్ర పుస్తకాల్లో కనబడవు. మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఎవరైనా తమ తాతముత్తాతల నుంచి ఆ పని గురించి విన్న మాటలు ఉంటే, శనివారం సాయంత్రం ప్రార్థన తర్వాత నాకు చెప్పండి. పేరు, ఊరు, ఏం పని చేశారో నోటుపుస్తకంలో రాసుకుంటాను.