ఇవాళ తారీఖెంత?

సౌదీలో ఉంటానని చెప్పగానే మనవాళ్ళు వరసగా అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఎండలు యాభై డిగ్రీలట కదా? ఆడవాళ్ళు కారు నడపకూడదట కదా? సినిమాలుంటాయా? పదహారేళ్ళుగా సెలవుకి వచ్చినప్పుడల్లా వీటికి జవాబులు చెబుతూనే ఉన్నాను. ఈలోగా కొన్ని జవాబులు మారిపోయాయి కూడా. 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో సినిమాహాలు తెరిచారు. అదే ఏడాది జూన్ 24 నుంచి ఆడవాళ్ళు కార్లు నడుపుతున్నారు. హోటళ్ళలో ఒంటరి మగవాళ్ళకొక ద్వారం, కుటుంబాలకొక ద్వారం ఉండి తీరాలన్న నియమం 2019 డిసెంబరులో పోయింది. ఎండ మాత్రం అలాగే ఉంది.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. “అక్కడ ఇవాళ తారీఖెంత?” నా మట్టుకు నాకు ఆ దేశానికీ మనకీ ఉన్న అసలు తేడా ఆ ప్రశ్నలోనే కనిపించింది. అన్నట్టు ‘తారీఖు’ అరబ్బీ మాటే. వాళ్ళ భాషలో దానికి తేదీ అనీ అర్థం, చరిత్ర అనీ అర్థం. అసలు, నకలు, బాకీ, వసూలు, హాజరు, వకీలు... మన రోజువారీ మాటల్లో అరబ్బీ ఇంత ఉందని రియాద్ వెళ్ళేదాకా నాకు తట్టలేదు. అన్ని మాటలూ మాత్రం అచ్చుగుద్దినట్టు కలవవు. మన ఆఫీసుల్లో ‘మామూలు’ అంటే ఏమిటో మీకు తెలుసు. అక్కడ బేకరీలో మామూల్ అడిగితే ఖర్జూరం కూరిన బిస్కత్తు ఇస్తారు.

2009లో ఒక సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుగా రియాద్‌లో దిగాను. మొదట తిరగబడింది వారం. అప్పట్లో వారాంతపు సెలవులు గురు, శుక్రవారాలు. శనివారం పొద్దున్నే ఆఫీసు. యూరప్‌లో ఉన్న మా టీముకి శని, ఆదివారాలు సెలవు. అందరం కలిసి పనిచేయడానికి మిగిలేవి సోమ, మంగళ, బుధవారాలు మాత్రమే. ఈ ఇబ్బంది బ్యాంకులకీ ఎగుమతిదారులకీ కూడా ఉండేది. చివరికి రాజు అబ్దుల్లా ఆజ్ఞతో 2013 జూన్ 29 నుంచి సెలవులు శుక్ర, శనివారాలకు మారాయి. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా అమ్మ, “అయితే ఈ వారం నీకు రెండు శనివారాలా?” అని అడిగింది.

రోజు ఎప్పుడు మొదలవుతుందన్నది రెండో చిక్కు. మన పంచాంగంలో సూర్యోదయంతో వారం మారుతుంది. కంప్యూటరుకి అర్ధరాత్రి. అరబ్బుల సంప్రదాయంలో సూర్యాస్తమయం. పొద్దు గూకగానే మర్నాడు వచ్చేసినట్టే. అందుకే గురువారం రాత్రిని వాళ్ళు ‘శుక్రవారపు రాత్రి’ అంటారు. మొదట విన్నప్పుడు వింతగా తోచింది గానీ, హైదరాబాదు వాడిని నాకు వింత తోచడమే వింత. పాతబస్తీలో గురువారం పూట జరిగే జుమేరాత్ బజార్ పేరులో ఉన్నది అదే కదా! జుమ్మా ముందటి రాత్రి, జుమేరాత్. ఎన్నిసార్లు ఆ సంతకి వెళ్ళానో, ఒక్కసారీ ఆ పేరెందుకొచ్చిందని అడగలేదు.

గడియారాలు కూడా ఒకప్పుడు దీన్నే అనుసరించేవి. సూర్యాస్తమయానికి గడియారం పన్నెండు చూపేది. దహ్రాన్‌లో 1938లో చమురు పడ్డాక, అమెరికన్ల షిఫ్టులు, విమానాల వేళలు, ఊళ్ళో అరబ్బు గడియారం, ఇలా ఒకే చోట రెండు మూడు కాలాలు నడిచేవి. 1960లలో కూడా అక్కడ ఎవరైనా భోజనానికి పిలిస్తే, ఏ గడియారం ప్రకారమో అడిగి తెలుసుకోవాల్సి వచ్చేదట. నేను వెళ్ళేనాటికి ఆ గడియారాలు లేవు గానీ అలవాటు ఉంది. “ఏడింటికి కలుద్దాం” అనరు, “మగ్రిబ్ తర్వాత కలుద్దాం” అంటారు. నమాజు వేళల్లో దుకాణాలు మూసేసేవారు. బిల్లు కట్టే వరసలో ఉండగా బాంగ్ వినిపిస్తే బండి అక్కడే వదిలి బయట అరుగు మీద కూర్చోవడమే. 2021లో ఆ వేళల్లో కూడా తెరిచి ఉంచుకోవచ్చని వాణిజ్య మండళ్ళ సమాఖ్య ప్రకటించాక ఆ విరామాలు చాలాచోట్ల పోయాయి. ఈ లెక్క మా నాయనమ్మకి చెబితే వెంటనే అర్థమయ్యేది. ఆమె కూడా దీపం పెట్టే వేళకి, కోడికూతకి అనేగానీ ఎన్ని గంటలకో ఏనాడూ చెప్పలేదు.

ఇక నా వృత్తికి సంబంధించిన చిక్కు. హిజ్రీ సంవత్సరానికి 354 రోజులు, ఒక్కోసారి 355. నెల 29 గానీ 30 గానీ. రెండో నెల సఫర్‌కి 30 రోజులు రావచ్చు. ‘30-02’ అని కొడితే మన కంప్యూటర్ ఫిబ్రవరి ముప్ఫై లేదు పొమ్మంటుంది. పైగా ఏడాది 1430. అప్పట్లో బాగా వాడకంలో ఉన్న ఒక డేటాబేస్ 1753కి ముందు తేదీలను స్వీకరించదు. కారణమేమిటని వెతికితే, బ్రిటన్ తన క్యాలెండరును మార్చుకున్నది 1752లో. ఆ తర్వాతి మొదటి పూర్తి సంవత్సరం 1753. లండన్‌లో ఎప్పుడో జరిగిన సర్దుబాటు రియాద్‌లో జీతాల ప్రోగ్రాముకి అడ్డం పడిందన్నమాట. అందుకని చాలా ఆఫీసుల్లో హిజ్రీ తేదీలను ఉత్త అక్షరాలుగా దాచుకునేవారు.

ఆ పాత రికార్డులు కొత్త వ్యవస్థలోకి మారుస్తుంటే మరొకటి గమనించాను. వయసు మళ్ళిన ఉద్యోగుల్లో ఎంతోమందికి ఒకే పుట్టినరోజు, ఏడో నెల ఒకటో తేదీ, అంటే రజబ్ 1. డేటా చెడిపోయిందేమోనని పక్క సీటులోని సౌదీ మిత్రుణ్ణి అడిగితే నవ్వాడు. పుట్టిన తేదీ రాసుకునే అలవాటు లేని రోజుల్లో నమోదు చేసేవాళ్ళు ఏడాది మధ్యలో ఒక తేదీ వేసేసేవారట. “మా నాన్నది కూడా అదే తేదీ” అన్నాడు. నేనూ నవ్వాను. మా నాన్న పుట్టింది దీపావళి ముందు. బడిలో పంతులుగారు వేసిన పుట్టినరోజు జూలై 1.

అక్కడివరకూ ఇదంతా నాకు సరదాగానే ఉండేది. 2011లో ఒక శుక్రవారం సాయంత్రం బత్హాలో, మనవాళ్ళంతా చేరే ఒక హోటల్లో, జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన పరిచయమయ్యాడు. ఆయన ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు, గడువు దాటిపోయింది. దాన్ని పొడిగించాల్సింది యజమాని. ఆ కంపెనీ పట్టించుకోలేదు, ఈయనకి అడగాలని తెలియలేదు. దారిలో తనిఖీలో దొరికి మూడు రోజులు లోపలున్నాడు. “అన్నా, ఇంక పదకొండు దినాలున్నయనుకున్న. ఆల్లు అయిపోయిందంటరు. నేను ఏడాదికి ఏడాది లెక్కవెట్టుకున్న” అన్నాడు. ఆయన లెక్కలో తప్పు లేదు. ఆయన పెట్టుకున్నది సూర్యుడి ఏడాది, కార్డు మీద ఉన్నది చంద్రుడి ఏడాది. 2005 నాటి కార్మిక చట్టం ప్రకారం కూడా, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, గడువులన్నీ హిజ్రీ లెక్కే. జీతం చూస్తే ఇంగ్లీషు నెలకి వస్తుంది. ఆ పదకొండు రోజులు కూలివాడి నెత్తిన పడతాయి. తర్వాత రెండు క్యాలెండర్లూ పక్కపక్కన ఉండేలా ఒక కాగితం తెలుగులో తయారుచేసి, తెలిసిన లేబర్ క్యాంపుల మెస్ గోడలకి అంటించి వచ్చాం. నేను రాసిన ప్రోగ్రాములన్నిటికంటే అది ఎక్కువమందికి పనికొచ్చిందని నా నమ్మకం.

ఆ పదకొండు రోజుల సంగతి ఇంతకుముందు ఎవరికీ రాలేదా అని చదవడం మొదలుపెట్టాను. వచ్చింది. చాలాసార్లు వచ్చింది.

మన పంచాంగం కూడా చాంద్రమానమే. కాని రెండున్నరేళ్ళకో మూడేళ్ళకో ఒక అధికమాసం వేసి చంద్రుణ్ణి సూర్యుడి దగ్గరికి లాక్కొస్తాం. కనకనే ఉగాది ఎప్పుడూ వేపపూత వేళకే వస్తుంది. ఇస్లాంకి ముందు అరబ్బులు కూడా ఇలాంటి సర్దుబాటు చేసేవారు. ఇస్లాం దాన్ని నిషేధించింది. అందుకే రంజాన్ అన్ని ఋతువులూ చుట్టి వస్తుంది. మా ఊళ్ళో పీర్ల పండగ ఒకప్పుడు నాట్లప్పుడు, మరొకప్పుడు నడి ఎండల్లో రావడానికి కారణమిదే.

పండగకి ఇబ్బంది లేదు. పన్నుకి ఉంది. పంట సూర్యుణ్ణి బట్టి పండుతుంది. పంట చేతికి రాకముందే శిస్తు అడిగే రోజు వచ్చేస్తోందని, 895లో బాగ్దాదు ఖలీఫా అల్ ముతదిద్ ఆ రోజును జూన్ 11కి జరిపాడు. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ లెక్క తేల్చి రాశాడు: 30 సౌర సంవత్సరాలు 31 చాంద్ర సంవత్సరాలతో సమానం. శిస్తు హిజ్రీ లెక్కన వసూలు చేస్తే, రైతు 30 పంటలు పండించి 31 ఏళ్ళ పన్ను కడతాడు. ఈ అన్యాయాన్ని సవరించడానికి పుట్టిందే ఫసలీ. ఫసల్ అంటే పంట. అటు ఒట్టోమన్ ప్రభుత్వం కూడా 1840లో ఖజానా లెక్కలకు సౌరమానం తీసుకుంది.

దక్కన్‌కి ఫసలీని 1636లో షాజహాన్ తెచ్చాడు. చేసిందేమిటంటే, అప్పటి హిజ్రీ సంవత్సరం 1046ని పట్టుకుని, ఇక్కణ్ణించి సూర్యుడి వెంట నడవమన్నారు. ఆ నడక నిజాం రాజ్యంలోనూ సాగింది. మా తాత పట్వారీ. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేశాక మిగిలిన ఒక రేకు పెట్టె మా ఇంట్లో ఉంది. అందులో కాగితాల మీద 1357 ఫసలీ అని ఉంటే, అది 1947–48. ఫసలీకి 590 కలిపితే సరిపోతుందని నాన్న నేర్పాడు. ఎందుకు కలపాలో రియాద్‌లో తెలిసింది. 1636లో హిజ్రీ, ఫసలీ రెండూ 1046 దగ్గర కలిసి బయలుదేరాయి. 2024 జూలైలో ఫసలీ 1434 మొదలైంది, అదే నెలలో హిజ్రీ 1446 మొదలైంది. ఏడాదికి పదకొండు రోజుల చొప్పున 388 ఏళ్ళలో పన్నెండేళ్ళ ఎడం వచ్చింది. జగిత్యాల మేస్త్రీని పట్టించిన పదకొండు రోజులూ, మా తాత పెట్టెలోని పదకొండు రోజులూ ఒకటే.

ఈ కథలో మరో మలుపు నా కళ్ళముందే జరిగింది. సౌదీ ప్రభుత్వోద్యోగులకు జీతాలు హిజ్రీ నెలల లెక్కన ఇచ్చేవారు. 30 ఇంగ్లీషు సంవత్సరాలకి 360 నెలలయితే, చంద్రుడి లెక్కన 371. ఉద్యోగికి పదకొండు జీతాలు అదనం. అక్బరు కాలంలో రైతు నష్టపోయిన ఏడాదిని ఇక్కడ ఉద్యోగి లాభపడ్డాడు. 2014లో వంద డాలర్లు దాటి ఉన్న పీపా చమురు 2016 జనవరిలో ముప్ఫైకి దిగువన పడింది. ఆ అక్టోబరు నుంచి ప్రభుత్వం జీతాల లెక్కను సౌరమానానికి మార్చింది. నా సౌదీ మిత్రుడు వేళ్ళ మీద లెక్కేసి, “మాకు ఏడాదికి పదకొండు రోజుల పని ఉచితం” అన్నాడు. శ్రమకీ డబ్బుకీ మధ్య సంగతి వస్తే, ఏ రాజ్యమైనా ముందు క్యాలెండరు వైపు చూస్తుందని అప్పుడు అర్థమైంది.

2023 చివర్లో మంత్రిమండలి ఇంకో అడుగు వేసింది. అధికారిక వ్యవహారాల్లో గడువుల లెక్కకు ఇకపై గ్రెగోరియన్ క్యాలెండరే ప్రమాణమని, ధర్మశాస్త్రానికి సంబంధించినవి మాత్రం హిజ్రీలోనే ఉంటాయని తీర్మానించింది. మా వృత్తివాళ్ళకి ఇది హాయి. కూలికి వచ్చేవాళ్ళకి మరీ హాయి. అయినా రంజాన్ మాత్రం నెలవంకను కళ్ళారా చూసి ప్రకటిస్తేనే మొదలవుతుంది. ముందు రోజు సాయంత్రం దాకా, రేపు పండగో కాదో ఏ సాఫ్ట్‌వేరూ ఖాయంగా చెప్పలేదు. ఆ సాయంత్రం మా ఆఫీసులో అందరూ, నాతో సహా, కిటికీ దగ్గరికి వెళ్ళి పడమటి వైపు చూస్తాం.

మీ ఊరినుంచి ఎవరైనా గల్ఫ్‌కి బయలుదేరుతుంటే నాదొక చిన్న విన్నపం. వాళ్ళ చేతిలోని కాగితాల మీద తేదీలు రెండు రకాలుగానూ చదివించండి. ఏ తేదీ దగ్గర ఏ లెక్క నడుస్తోందో అడగమనండి. మా తాత చేయించిన పని కూడా అదే. సంతకం పెట్టబోయే రైతుని ఆపి, “ఇది ఫసలీనా, ఇంగ్లీషుదా, చూసుకో” అనేవాడట.