నీలకంఠ రొయ్య శైశవం: ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని వెలుగులో

ఉపోద్ఘాతం

జొన్నాడ గౌతమీ గోదావరి ఒడ్డున, ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన ఉన్న గ్రామం. గోదావరి మంచినీటిలో పెరిగే నీలకంఠ రొయ్యకు శాస్త్రీయ నామం మాక్రోబ్రాకియమ్ రోజెన్‌బెర్గీ. తల్లి రొయ్య గుడ్లను పొట్ట కింద మోస్తూ నదీముఖం వైపు దిగుతుంది. డింభకాలు ఉప్పు కలిసిన నీటిలోనే బతుకుతాయి; పిల్లరొయ్యలుగా మారాక నదికి ఎదురీదుతాయి. ఈ జీవితచక్రం ఎలా తెలిసిందో, అందులో ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని పాత్ర ఏమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఉప్పు చిక్కు

సముద్రపు రొయ్య జీవితం తల్లిని ఏమాత్రం పోలని నాప్లియస్ డింభకంతో మొదలవుతుందని బ్రెజిల్‌లో పనిచేసిన ఫ్రిట్జ్ ముల్లర్ 1864 నాటి గ్రంథంలో వివరించారు. నీలకంఠ రొయ్య మాత్రం నాప్లియస్ దశను గుడ్డులోనే ముగించుకొని జోయియాగా వెలువడుతుంది. మంచినీటిలో ఉంచిన ఈ డింభకాలు చనిపోయేవి. వాటికి ఉప్పు అవసరమని 1960ల ఆరంభంలో మలేషియాలో షావో-వెన్ లింగ్ కనుగొన్నారు. హేచరీలకు అదే పునాది అయింది. అయితే ఆ అవసరం ఏ అవయవానిదో సాధారణ సూక్ష్మదర్శిని చూపలేదు.

వెలిగే కణాలు

కొన్ని పదార్థాలు ఒక రంగు కాంతిని గ్రహించి మరో రంగు కాంతిని వెలువరిస్తాయి. దీనికి 1852లో స్టోక్స్ ‘ఫ్లోరెసెన్స్’ అని పేరు పెట్టారు, తెలుగులో ప్రతిదీప్తి. 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం ప్రతిరక్షకాలకు ఇలాంటి రంగును జతచేసింది. దానితో కణజాలంలో కోరిన ప్రోటీను ఉన్నచోటే వెలుగుతుంది. 2005లో పార్హయాలె అనే సముద్రతీర క్రస్టేషియన్‌లోకి ప్రతిదీప్తి జన్యువును చేర్చడంతో సజీవ పిండంలోనే కణాల నడక చూడడం సాధ్యమైంది.

లింగ్ మిగిల్చిన ప్రశ్నకు సమాధానం నీలకంఠ రొయ్యకు దాయాది అయిన అమెజాన్ రొయ్యలో దొరికింది. లవణాలను మోసే సోడియం-పొటాషియం ఎంజైమును 2013లో ఫ్రెంచి, జర్మన్ పరిశోధకులు ప్రతిదీప్తితో గుర్తించారు. తొలి దశల్లో మొప్పల కప్పు, తరువాత మొప్పలు ఆ పని చేస్తాయి. అంటే నదిలో బతికే శక్తి పుట్టుకతో పూర్తిగా రాదు, అవయవాలతోపాటే ఎదుగుతుంది.

ముగింపు

స్టోక్స్ పేరు పెట్టిన 1852లోనే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ కట్టకు ఎగువ, దిగువ నీళ్లు మనిషికి రెండూ గోదావరే. రొయ్యకు మాత్రం దిగువ పాయే సముద్రానికి దారి. హేచరీ తొట్టెలో ఉప్పు కలపవచ్చు. నదిలో మాత్రం, జొన్నాడ నుండి సంగమం వరకు పాయ తెగకుండా పారితేనే ఈ శైశవం సాగుతుంది. నీలకంఠ రొయ్య సంరక్షణ నదికే పరిమితం కాకుండా నదీముఖాన్ని కూడా కలుపుకోవాలనడానికి ఆ వెలిగే కణాలే ఆధారం.