ముసుగు తీశాక

మా చేబ్రోలులో బ్రహ్మదేవుడికి గుడి ఉంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు రెండు వందల ఏళ్ళ కిందట కోనేటి నడుమ కట్టించారు. శివలింగానికి నాలుగు వైపులా బ్రహ్మ. ఏ దిక్కునుంచి వచ్చినవాళ్ళకైనా ఆయన మొహం చూపించాల్సిందే, చాటేసే వీల్లేదు! ఉన్న ఒక్క మొహాన్నీ ఎవరికి చూపాలో, ఎవరికి చూపకూడదో పదిమంది చెబితే వినాల్సిన బాధ మాత్రం ఆడదానిది.

ఫోటో అనేది లోకానికి తెలిసింది 1839లో. కెమెరా మన దేశం వచ్చాక ఘోషా పాటించే ఇళ్ళలో పెద్ద చిక్కే వచ్చిపడింది. ఫోటో కావాలి, కానీ తీసేవాడు పరాయి మగవాడాయె! ముసుగులో కూచుంటే అది ఎవరి ఫోటో అయినట్టు?

ఈ చిక్కు విప్పినవాడు లాలా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టుకున్నాడు. తరవాత హైదరాబాదు వచ్చి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యాడు. నిజాం ఆయనకి ‘ముసవ్విర్ జంగ్’ అని బిరుదు కూడా ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళకోసమే ఒక స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తయిన గోడలు, లోపల అందరూ ఆడవాళ్ళే. దాని బాధ్యత కెన్నీ లెవిక్ అనే దొరసానికి అప్పజెప్పాడు. కెమెరా వెనక ఉన్నది ఆడమనిషే కనక ముసుగు తీయడానికి జంకక్కర్లేదు.

ఇది ఒక్క మన దక్కనులోనే కాదు. కొరియాలోనూ పెద్దింటి ఆడవాళ్ళు వీధిలోకి వస్తే ‘జాంగోత్’ అనే పొడుగాటి పైవస్త్రం తలమీంచి కప్పుకుని మొహం దాచుకునేవారు. 1907లో కిమ్ క్యు-జిన్ అనే చిత్రకారుడు సియోల్‌లో స్టూడియో తెరిచినప్పుడు ఆడవాళ్ళ ఫోటోలు ఆడవాళ్ళే తీసే ఏర్పాటు చేశాడు. ఎక్కడి హైదరాబాదు, ఎక్కడి సియోల్! ఇబ్బంది ఒకటే అయినప్పుడు ఉపాయమూ ఒకటే తోస్తుంది కాబోలు.

ముసుగు అనే మాట మనకి మేలిముసుగుకీ చెల్లుతుంది, వేషగాడి మాస్కుకీ చెల్లుతుంది. అందుకే నాకో అనుమానం. ఆ గోడల మధ్య మేలిముసుగు తీసిన మొహం నిజంగా బయటపడిందా?

పాత ఫోటోల్లో మన అమ్మమ్మల్ని చూడండి. ఒక్కరి మొహంలోనూ నవ్వుండదు. తొలిరోజుల్లో ఫోటో పడాలంటే కొన్ని క్షణాలపాటు బొమ్మలా కదలకుండా ఉండాలి. తల కదలకుండా వెనక ఒక ఇనప స్టాండు కూడా పెట్టేవారు. తరవాత రెప్పపాటులో ఫోటో తీసే ప్లేట్లు వచ్చినా ఆ బిగుసుకోవడం మాత్రం పోలేదు. వెనక రంగులు వేసిన తోట తెర, పక్కన పూలకుండీ, కుర్చీలో ఆయన, కుర్చీమీద చెయ్యివేసి నిలబడ్డ ఆవిడ. ఆపైన నెగటివు మీద సన్నని పెన్సిలుతో ‘టచింగ్’ చేసేవారు. ముడతలూ మచ్చలూ మాయం! ఇవాళ పిల్లలు ఫోనులో వేలితో చేసే పనే అది. గుడ్డ ముసుగు తీసి కాగితం ముసుగు వేసినట్టయింది.

పెళ్ళిసంబంధాలకి పంపే ఫోటో సంగతి మీకు చెప్పక్కర్లేదు. అందులో ఉన్నది అమ్మాయి కాదు, అవతలివాళ్ళు మెచ్చుకోవాలని ఇంటిల్లిపాదీ కలిసి తయారుచేసిన మొహం.

కొరియావాళ్ళకే ‘తల్‌చుమ్’ అనే మాస్కుల నాట్యం ఉంది. 2022లో యునెస్కో గుర్తింపు కూడా పొందింది. అందులో మామూలు జనం మాస్కులు తగిలించుకుని పెద్దకులాల ప్రభువుల్ని నలుగురిలో ఎగతాళి చేసేవారు. మొహం కప్పుకున్నాక మనసులో మాట బయటికొచ్చేది! స్టూడియోలో మన ఆడవాళ్ళది దీనికి సరిగ్గా తలకిందులు. మొహం తెరిచారు, మాట మూసుకున్నారు.

అయినా నేను దీన్ దయాళ్ స్టూడియోని తక్కువ చెయ్యను. దిద్దిన మొహమైనా సరే, ఒక ఆడదాని రూపం తరవాతి తరాలకి మిగలాలని ఎవరో అనుకున్నారు. లేకపోతే అదీ దక్కేది కాదు. నాకు కష్టం కలిగించేది ఇంకొకటి. పాత ఫోటోల వెనక తిప్పి చూడండి. మగవాళ్ళ పేర్లు, ఉద్యోగాలు, బిరుదులు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంటాయి. పక్కనున్నావిడ మాత్రం ‘భార్య’ అనో ‘తల్లి’ అనో ఉంటుంది. చాలాసార్లు అదీ ఉండదు. మొహానికున్న ముసుగు తీయించడానికి గోడలు కట్టించారు, దొరసానిని పెట్టారు. పేరుకున్న ముసుగు తీయడానికి ఇంత హంగామా అవసరం లేదు కదా.

ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే ఒక మధ్యాహ్నం ఆల్బమ్ ముందేసుకుని కూచోండి. ఆవిడ ఒక్కొక్కరినీ గుర్తుపట్టి చెబుతుంటే, వెనకవైపు పెన్సిలుతో మెల్లిగా రాసుకోండి. కలంతో గట్టిగా రాస్తే అక్షరాలు మొహంమీద తేలతాయి.