కాళహస్తి కలం, ఆర్.కె. పురం కాగితం

దక్షిణ ఢిల్లీలోని ఆర్.కె. పురం పేరు చెప్పగానే గుర్తొచ్చేవి సెక్టార్ల వారీగా కట్టిన ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లు, గుట్ట మీది మలై మందిర్. రామకృష్ణ పరమహంస పేరు పెట్టుకున్న ఈ కాలనీలో ఈస్ట్ బ్లాక్, వెస్ట్ బ్లాక్ అంటూ వరుసగా ప్రభుత్వ కార్యాలయాలూ ఉన్నాయి. కేంద్ర జౌళి శాఖ కింద పనిచేసే హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయానికి దశాబ్దాలుగా అక్కడి వెస్ట్ బ్లాక్ 7 చిరునామా. స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తిలో గుడ్డ మీద కలంతో దేవుళ్ల బొమ్మలు రాసే కలంకారీ కుటుంబాలకు ఈ చిరునామా బాగా తెలుసు. గుడి, జమీందారు పోషించిన కళ వాళ్లిద్దరి ఆదరణా తగ్గాక ఎలా నిలబడిందో చెప్పాలంటే కాళహస్తి కథలోకి ఢిల్లీ రాక తప్పదు.

కాళహస్తి రామాయణ వస్త్రాన్ని దగ్గరగా చూస్తే అదొక పుస్తకంలా చదువుకోవచ్చని తెలుస్తుంది. నడుమ పెద్ద గడిలో శ్రీరామ పట్టాభిషేకం. చుట్టూ వరుసలు వరుసలుగా చిన్న గడులు, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం. ఏ ఘట్టమో చెబుతూ పక్కనే తెలుగు అక్షరాల్లో ఒక ముక్క. ఇలాంటి వస్త్రాలను గుళ్లలో తెరలుగా కట్టేవారు, రథాలకు అలంకరించేవారు. చదువు రానివారికి బొమ్మలున్నాయి, వచ్చినవారికి అక్షరాలున్నాయి. 19వ శతాబ్దపు కాళహస్తి పనితనం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాకా వెళ్లింది.

రంగులకూ అర్థం ఉంది. రాముడు, కృష్ణుడు, విష్ణువు నీలం. స్త్రీలు పసుపు. రాక్షసులు ఎరుపు. కథ తెలిసినవాడు అల్లంత దూరం నుంచే ఎవరు ఎవరితో తలపడుతున్నారో పోల్చుకుంటాడు. పది తలలు లెక్కపెట్టకముందే రావణుడు కనబడిపోతాడు.

ఈ రంగుల్లో ప్రకృతి బొమ్మగా మాత్రమే కాదు, పదార్థంగానూ ఉంది. నేత గుడ్డను గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకకుండా గీత గీతలా నిలుస్తుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు తేలిగ్గా బొమ్మ గీసుకుంటారు. కలం అంటే చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన ఉన్ని గానీ గుడ్డ గానీ చుట్టి దారంతో బిగిస్తారు. రంగులో ముంచి, ఆ ఉండను వేళ్లతో నొక్కుతూ గీస్తే నొక్కినంత మేరకే రంగు దిగుతుంది. నల్లరంగు కోసం ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. కసిం అనే ఆ పులిసిన నీళ్లు గుడ్డలోని కరక్కాయ వగరుతో కలిశాకే చిక్కటి నలుపు తేలుతుంది.

ఎరుపు మరీ చిత్రం. ఎరుపు కావలసిన చోట కలంతో పూసేది రంగు కాదు, పటిక నీళ్లు. ఆ గుడ్డను మంజిష్ఠ, సురుడు చెక్క లాంటివి వేసిన నీళ్లలో ఉడికిస్తే పటిక తగిలిన చోట ఎరుపు అతుక్కుంటుంది, తగలని చోట నిలవదు. ఉడికించే ముందు పారే నీటిలో జాడించాలి. నిలవ నీటిలో ఉతికితే వదిలిన పటిక అక్కడే తిరిగి ఖాళీ జాగాలకు అంటుకుంటుంది, ఉడికినప్పుడు అక్కడంతా మచ్చలు పడతాయి. ఈ పని ఏటి ఒడ్డునే ఎందుకు పెరిగిందో ఇక్కడే అర్థమవుతుంది. ఆ తర్వాత కరక్కాయ పూల పసుపు, నీలిమందు నీలం, ఆ రెండూ కలిసిన చోట ఆకుపచ్చ. ప్రతి దశ తర్వాతా ఉతకడం, ఎండబెట్టడం. ఒక్క పెద్ద వస్త్రం నెలలు పట్టేది అందుకే.

ఈ రంగుల నేర్పే కోరమాండల్ తీరానికి ఓడలను రప్పించింది. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు మచిలీపట్నంలో కోఠీ పెట్టారు, 1611లో ఇంగ్లిష్ వారూ వచ్చారు. ఉతికినా వెలవని తెలుగు అద్దకాల మీద యూరప్ మోజు ఎంత పెరిగిందంటే, అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో ఈ అద్దకాలను నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో దిగుమతి ఆపే చట్టం చేసింది, 1721లో ఏకంగా కట్టుకోవడాన్నే నిషేధించింది. రాళ్లగుట్ట నుంచి మెలికలు తిరుగుతూ లేచి, కొమ్మకో రకం పువ్వు పూసే జీవవృక్షం బొమ్మ ఆ ఎగుమతి వస్త్రాల్లో పేరు మోసింది. మచిలీపట్నం విదేశీ బేరం చూసుకుంటుంటే, కాళహస్తి కలం గుడినే నమ్ముకుంది.

19వ శతాబ్దంలో రెండు దెబ్బలు వరుసగా తగిలాయి. మాంచెస్టర్ మిల్లు గుడ్డ చవగ్గా వచ్చిపడింది. 1860ల చివర్లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. చిరివేరు, మంజిష్ఠ జాతి వేర్ల ఎరుపు వెనకున్న పదార్థాల్లో ముఖ్యమైనది అదే. శతాబ్దం ముగిసేలోగా కృత్రిమ నీలిమందూ బజారుకెక్కింది. జమీందారుల ఆసరా కూడా సన్నగిల్లడంతో, 20వ శతాబ్దం నడిమికి కాళహస్తిలో కలం పట్టే చేతులు కొద్దిగానే మిగిలాయి.

అప్పుడు రంగంలోకి వచ్చింది కమలాదేవి చట్టోపాధ్యాయ. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలికి ఆమె సారథి. ఆర్.కె. పురం కార్యాలయానికి మాతృక ఆ మండలే. ఆమె చొరవతో 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం మొదలైంది. నేర్పే బాధ్యత జొన్నలగడ్డ లక్ష్మయ్య మీద పడింది. ఇంట్లో తండ్రి కొడుక్కి చెప్పుకునే విద్య బడిలో పాఠంగా మారింది. తర్వాతి తరాల్లో ఆ కుటుంబాలకు సంబంధం లేని యువకులు కలం పట్టారు. పెద్ద సంఖ్యలో స్త్రీలూ పట్టారు. కాళహస్తి చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపు లేదు.

లక్ష్మయ్య కుమారుడు గురప్ప చెట్టి ఆ మలుపుకు నిలువెత్తు ఉదాహరణ. తండ్రి దగ్గర నేర్చిన విద్యను పంచుతూ పేరు తెచ్చుకున్న ఆయనకు 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కంటే ముందు గుడి తెరలు రాసినవారిలో ఎక్కువమంది ఎవరో లోకానికి తెలియదు. బొమ్మ దేవుడిది, ఖర్చు దాతది, చిత్రకారుడి పేరుతో ఎవరికీ పని పడలేదు. 1965లో మొదలైన మాస్టర్ క్రాఫ్ట్స్‌మెన్ జాతీయ పురస్కారాలు ఈ పద్ధతిని మార్చాయి. పురస్కారం కావాలంటే పనితో పాటు వ్యక్తి పేరు, ఊరు, వివరాలు దాఖలు చేయాలి. గుడి అడగని పేరును ప్రభుత్వ కాగితం అడిగింది. ఆ కాగితం వల్లే కలంకారీకి చిత్రకారులు కనబడ్డారు.

కొనేవారు మారడంతో బొమ్మ కూడా మారింది. గుడి తెరకు గోడంత గుడ్డ కావాలి, ఢిల్లీ ఫ్లాటుకు రెండడుగులు చాలు. 1994లో ఐ.ఎన్.ఎ. దగ్గర మొదలైన దిల్లీ హాట్ లాంటి చోట్ల కొనేవారు నిలబడి చూసే సమయంలో రామాయణమంతా చదవరు. అందుకే ఒక్క వినాయకుడు, ఒక్క కృష్ణుడు, ఒక్క జీవవృక్షం విడి చిత్రాలయ్యాయి. ఒకప్పుడు సముద్రం దాటిన చెట్టు ఇప్పుడు కాళహస్తి గుడ్డ మీదే దేవుడి పక్కన చోటు సంపాదించుకుంది. దీన్ని దిగజారుడు అనడం అన్యాయం. గడులు తగ్గినా, మంచి చేతుల్లో నీలం, పసుపు, ఎరుపుల నియమం చెక్కుచెదరలేదు.

దిగజారుడు వేరేచోట ఉంది. మిల్లులో ముద్రించిన చీరను ‘కలంకారీ’ పేరుతో అమ్మేస్తున్నారు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉన్నా బజారులో దాన్ని అడిగేవారు తక్కువ. కొనేవారు ఒక్క నిమిషం ఆగి చూస్తే చాలు. యంత్రపు ముద్రలో ఒకే ఆకు పది చోట్ల వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటుంది. చేత్తో గీసిన గీత ఒకచోట లావెక్కి, ఇంకోచోట సన్నబడి, వేళ్లు ఎక్కడ నొక్కాయో చెబుతుంది.

పురస్కారపు కాగితం మీద ఒక్క పేరుకే చోటుంటుంది. కరక్కాయ పాలలో గుడ్డ ముంచేవారు, ఏట్లో జాడించేవారు, పొయ్యి దగ్గర ఉడుకు చూసేవారు, రంగు నింపే ఆడవాళ్లు దానిలోకి రారు. కేంద్రం చేతిపనివారికి ఇస్తున్న ‘పెహచాన్’ గుర్తింపు కార్డు వీళ్లలో ప్రతి ఒక్కరికీ అందాలి. ప్రదర్శనలో వస్త్రం పక్కన పెట్టే చీటీ మీద వీళ్ల పేర్లూ రాయాలి. 1965లో ఒక్క చిత్రకారుడి పేరు అడగడం నేర్చుకున్న వ్యవస్థకు, ఆ పేరు కింద మరో నాలుగు వరుసలు పెంచడం పెద్ద పనేమీ కాదు.