నాలుగు కాలాల చదువు

ఆదివారం పొద్దున హైదరాబాద్ అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు వెతకడం నాకు చాలా ఏళ్ల అలవాటు. ఆ కుప్పల్లో వ్యక్తిత్వ వికాస పుస్తకాలకు ఎప్పుడూ కొదవ ఉండదు. వాటిని తిరగేస్తుంటే ఒక సంగతి మళ్లీ మళ్లీ కంటబడుతుంది. మొదటి ముప్పై నలభై పేజీల్లో పెన్సిల్ గీతలు దట్టంగా ఉంటాయి. ఆ తర్వాత కాగితం తెల్లగా ఉంటుంది. మీ జవాబు ఇక్కడ రాయండి అంటూ రచయిత వదిలిన ఖాళీ గీతల మీద ఒక్క అక్షరం కూడా కనిపించదు. వాటిని చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. డబ్బు పెట్టి ఆ పుస్తకం కొన్న మనిషి మారాలనే కొన్నాడు. మరి ఎక్కడ ఆగిపోయాడు?

బద్ధకం వల్లేనని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఈ రకం పుస్తకాల చరిత్రలో వెనక్కి వెళ్లిన కొద్దీ, ఇవి ఒంటరిగా చదువుకుని పక్కన పెట్టడానికి పుట్టినవి కావని తెలుస్తుంది. ఏదో ఒక గదిలో, ఏదో ఒక గుంపులో, ఎవరో ఒకరి చేతి నోటుపుస్తకంలో ఆచరణ ముందు నడిచింది. అచ్చు పుస్తకం దాని వెనక వచ్చింది. కాలం గడిచేసరికి గది పోయింది, గుంపు పోయింది, పుస్తకం ఒక్కటే మన చేతికి మిగిలింది.

చదువుకూ ఆచరణకూ మధ్య ఉన్న ఈ లెక్కను రెండు వేల ఏళ్లకు పూర్వమే వ్యాకరణవేత్త పతంజలి తేల్చి చెప్పాడు. మహాభాష్యం తొలి ఆహ్నికంలో ఆయన విద్య పనికొచ్చే తీరుకు నాలుగు కాలాలు చెబుతాడు. గురువు దగ్గర నేర్చుకునేది ఆగమకాలం, తనలో తాను వల్లెవేసుకునేది స్వాధ్యాయకాలం, మరొకరికి చెప్పేది ప్రవచనకాలం, పనిలో వాడుకునేది వ్యవహారకాలం. ఆయన చెబుతున్నది వ్యాకరణం గురించి. బృహస్పతి అంతటి గురువు ఇంద్రుడికి వెయ్యి దివ్య సంవత్సరాల పాటు ఒక్కొక్క మాటా చెబుతూ పోయినా శబ్దరాశి అంతు దొరకలేదట. నూరేళ్లు బతికితే గొప్ప అనుకునే మనిషి అలా మొదలుపెడితే ఆగమకాలంతోనే ఆయుష్షంతా చెల్లిపోతుందని ఆయన హెచ్చరిక. అబిడ్స్ పుస్తకాల తెల్ల పేజీలకు ఇంతకంటే సరైన వివరణ నాకు దొరకలేదు. ఒక పుస్తకం తర్వాత ఇంకొకటి కొంటూ పోయే పాఠకుడు మొదటి కాలంలోనే తిరుగుతున్నాడు.

గ్రీకు, రోమన్ లోకంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. బానిసగా బతికి తత్వవేత్త అయిన ఎపిక్టెటస్ పుస్తకం రాయలేదు. ఆయన తరగతిలో కూర్చున్న శిష్యుడు అరియన్ రాసుకున్న నోట్సే మనకు దక్కింది. అందులోంచి ఏరి కూర్చిన చిన్న పుస్తకం పేరు ఎంఖిరిడియన్, అంటే చేతిలో ఉంచుకునేది. రోమన్ తత్వవేత్త సెనెకా తన మిత్రుడు లుసిలియస్‌కు రాసిన ఉత్తరాల్లో, పుస్తకం మీద పుస్తకం మార్చవద్దనీ, రోజుకొక ఆలోచన ఎంచుకుని దాన్ని అరిగించుకోమనీ కోరాడు.

మన వీధిబడిలో ఈ పని శతకాలు చేశాయి. సుమతి శతకం, వేమన పద్యాలు పిల్లలకు అర్థం కాకముందే నోటికి వచ్చేవి. అర్థం తెలియని కంఠస్థం దండగని ఇప్పుడు అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ పద్యం నాలుక మీదే ఉండేది కాబట్టి అన్నదమ్ములు పోట్లాడుకుంటున్న చోట, అప్పు అడగబోతున్న చోట, పెద్దమనిషి ఒక్క పాదం అందుకుంటే చాలు, మిగతా పాదాలు విన్నవాడి మనసులో పూర్తయ్యేవి. అవసరం వచ్చిన క్షణానికే మాట అందేది. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను అచ్చు వేయించి తెలుగువాళ్లకు మహోపకారం చేశాడు. అయితే అచ్చు పెరిగే కొద్దీ పద్యం నాలుక మీది నుంచి మెల్లగా అలమరలోకి చేరడం కూడా మొదలైంది. వీధిబడి అందరినీ రానివ్వలేదన్నదీ మరిచిపోకూడదు. అచ్చు పుస్తకానికి కులం అడ్డు రాలేదు. అందుకే పుస్తకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఫిలడెల్ఫియాలో ఒక ప్రింటరు చేసిన ప్రయత్నం మరో మెట్టు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సుగుణాల పట్టిక వేసుకుని చిన్న నోటుపుస్తకం తయారు చేసుకున్నాడు. ఒక్కో గుణానికి ఒక్కో పేజీ, వారానికి ఏడు నిలువు గడులు. తప్పు చేసిన రోజు నల్ల చుక్క పెట్టేవాడు. వారానికి ఒక్క గుణం మీదే దృష్టి, 13 వారాలకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు ఆవృత్తులు. పాత చుక్కలు చెరిపి చెరిపి కాగితం చిల్లులు పడింది. అప్పుడు తడి స్పాంజితో తుడిచే వీలున్న దంతపు పలకల మీదికి ఆ పట్టిక మార్చాడు. చిల్లులు పడిన ఆ కాగితాన్ని నేను ఈ చరిత్ర మొత్తంలో అతి విలువైన వస్తువుగా భావిస్తాను. పుస్తకం వాడకం వల్ల అరిగింది. ఫ్రాంక్లిన్ ఒంటరి కూడా కాదు. 1727లోనే జుంటో అనే మిత్రబృందాన్ని పోగుచేసి శుక్రవారం సాయంత్రాలు చర్చలు నడిపాడు.

స్వయంసహాయం అన్న మాటనే పేరుగా పెట్టుకున్న పుస్తకం ఇంగ్లండ్‌లో 1859లో వచ్చింది, డార్విన్ ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ వెలువడిన ఏడాదే. శామ్యూల్ స్మైల్స్ రాసిన ‘సెల్ఫ్ హెల్ప్’ మొదటి ఏడాదిలోనే 20,000 ప్రతులు అమ్ముడైంది. దాని వెనక కథ ఆయనే ముందుమాటలో చెప్పాడు. 1845 ప్రాంతంలో లీడ్స్ పట్టణంలో ఇద్దరు ముగ్గురు పేద కుర్రాళ్లు చలికాలపు సాయంత్రాల్లో ఒకరికొకరు చదువు చెప్పుకోవాలనుకున్నారు. మొదట వాళ్లలో ఒకరి ఇంట్లో, ఎండాకాలం వచ్చాక తోటలో చెక్క గుడిసె చుట్టూ కూర్చున్నారు. ఉన్నట్టుండి జల్లు పడితే పలకల మీది లెక్కలు కొట్టుకుపోయేవి. మళ్లీ చలికాలం వచ్చేసరికి మంది పెరిగి, ఏ ఇల్లూ సరిపోక, ఒక పాడుబడ్డ గది అద్దెకు తీసుకున్నారు. అది ఒకప్పుడు తాత్కాలిక కలరా ఆసుపత్రి. రోగం ఇంకా అంటుకుని ఉందేమోనన్న భయంతో దాని వైపు ఎవరూ వచ్చేవాళ్లు కారు. అక్కడ దాదాపు వందమంది కూర్చుని, కాస్త తెలిసినవాళ్లు అసలు తెలియనివాళ్లకు చెబుతూ చదువుకున్నారు. వాళ్లే వచ్చి అడిగితే స్మైల్స్ వెళ్లి మాట్లాడాడు. ఏళ్లు గడిచాక ఆ బడి కుర్రాడొకడు ఇనుప కార్ఖానా మసితో ఆయన గుమ్మంలో నిలబడి, తానిప్పుడు పదిమందికి పని ఇచ్చేవాణ్ణయ్యానని చెప్పాడు. ఆ మాటే తనను పుస్తకానికి పురికొల్పిందని స్మైల్స్ రాశాడు. పతంజలి చెప్పిన ప్రవచనకాలం ఆ కలరా గదిలో పూర్తిగా నడిచింది. పుస్తకం కొన్న వేలమంది చేతికి మాత్రం ఆ గది రాలేదు.

1871లో నకమురా మసనావో ‘సెల్ఫ్ హెల్ప్’ను జపనీస్‌లోకి తెచ్చాడు. దాన్ని చదివినవాళ్లలో వడ్రంగి కొడుకు సాకిచి టొయోడా ఒకడు. ఆ పుస్తకంలో ఆర్క్‌రైట్ లాంటి యంత్రాల సృష్టికర్తల జీవితాలు చాలా ఉన్నాయి. సాకిచి తన ఊళ్లో ఆడవాళ్లు నేసే చేతిమగ్గాన్ని బాగుచేయడానికి పూనుకుని, 1891లో మొదటి పేటెంటు పొందాడు. టొయోటా కంపెనీ మూలపురుషుడు ఆయనే.

మన దగ్గర ఇదే పని జీవిత చరిత్రల రూపంలో జరిగింది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో హైదరాబాదులో నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి తొలి ప్రచురణ అబ్రహాం లింకన్ చరిత్ర. రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు. కర్రదుంగల గుడిసెలో పుట్టినవాడు దేశాధ్యక్షుడయ్యాడన్న కథ తెలుగు యువకుడికి అందాలన్నది ఆలోచన. రాసినాయన అక్కడితో ఆగలేదు. 1908లో పత్రికలో రాసిన వ్యాసానికి ప్రభుత్వం ఆయనను జైలుకు పంపింది. తర్వాత గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ జీవితం ధారపోశాడు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయ ప్రతినిధుల తొలి సభ జరిగింది. ఆ ఉద్యమంలో గ్రంథాలయం అంటే పుస్తకాల బీరువా మాత్రమే కాదు. అక్కడ పత్రిక చదివి వినిపించేవాళ్లు, రాత్రిబడి నడిపేవాళ్లు, ఉపన్యాసాలు పెట్టేవాళ్లు.

చదివింది చేతల్లోకి దిగడానికి ఎంత కాలం పట్టాలి? దీనికి మనకు దొరికే అతి తక్కువ వ్యవధి గాంధీది. 1904లో జోహన్నెస్‌బర్గ్ స్టేషన్‌లో మిత్రుడు హెన్రీ పోలాక్ ఆయన చేతిలో రస్కిన్ పుస్తకం ‘అన్‌టు దిస్ లాస్ట్’ పెట్టాడు. డర్బన్‌కు ఇరవై నాలుగు గంటల ప్రయాణం. మొదలుపెట్టాక కింద పెట్టలేకపోయాడు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డర్బన్‌లో దిగాక తన పత్రిక ప్రెస్సు చూసే ఆల్బర్ట్ వెస్ట్‌తో మాట్లాడి, ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికను పొలానికి తరలించాలనీ, రంగూ జాతీ చూడకుండా అందరికీ నెలకు 3 పౌన్ల భత్యమే ఉండాలనీ ప్రతిపాదించాడు. కొద్ది రోజుల్లోనే ఫీనిక్స్ దగ్గర 1,000 పౌన్లకు 100 ఎకరాలు కొన్నారు. పుస్తకాన్ని గుజరాతీలో ‘సర్వోదయ’గా ఆయన మలిచింది 1908లో, అంటే ఆ బతుకు మొదలుపెట్టిన నాలుగేళ్ల తర్వాత. ఆత్మకథలో ఇదే సందర్భంలో గాంధీ, తాను చదివింది చాలా తక్కువనీ, ఆ తక్కువ వల్లే చదివింది బాగా జీర్ణమైందనీ చెప్పుకున్నాడు.

ఇరవయ్యో శతాబ్దపు అతి ప్రసిద్ధ పుస్తకం కూడా తరగతి గదిలోనే పుట్టింది. డేల్ కార్నెగీ 1912లో న్యూయార్క్ వై.ఎం.సి.ఎ.లో పెద్దవాళ్లకు ఉపన్యాస కళ నేర్పడం మొదలుపెట్టాడు. ఒకరోజు చెప్పాల్సిన పాఠం అయిపోయి, ఇంకేం చెప్పాలో తోచక, వచ్చినవాళ్లనే లేచి మాట్లాడమన్నాడు. ఆ రోజు నుంచి తరగతి తీరే మారిపోయింది. కొన్నేళ్లకు, మనుషులతో మెలగడానికి కొన్ని నియమాలు పోస్టుకార్డు సైజు అట్ట మీద అచ్చు వేసి పంచాడు. అట్ట పెరిగి పెద్ద కాగితమైంది, అది కరపత్రాల వరుసైంది, పదిహేనేళ్ల తర్వాత 1936లో ‘హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్’ అయింది. ప్రచురణకర్తలు మొదట వేసింది 5,000 ప్రతులే. లక్షలు అమ్ముడైన ఆ పుస్తకం మొదట్లోనే దాన్ని ఎలా వాడాలో తొమ్మిది సూచనలున్నాయి. ప్రతి అధ్యాయం రెండుసార్లు చదవమన్నాడు. నియమం తప్పిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లకు జరిమానా కట్టమన్నాడు. ఎప్పుడు, ఎలా వాడిందీ చివరి పేజీల్లో తేదీ వేసి రాయమన్నాడు. మనలో చాలామంది తిప్పేసి ముందుకు పోయేది సరిగ్గా ఈ పేజీలనే. గదిని కాగితం మీదికి తేవడానికి కార్నెగీ చేసిన చివరి ప్రయత్నం అది.

ఆ మరుసటి ఏడాదే నెపోలియన్ హిల్ పుస్తకం ‘థింక్ అండ్ గ్రో రిచ్’ వచ్చింది. పేరులోనే మలుపు ఉంది. ఆలోచిస్తే చాలు, ఫలితం వస్తుందన్న ధోరణి అక్కడి నుంచి బలపడి, 2006 నాటి ‘ద సీక్రెట్’ దాకా సాగింది. ఈ మలుపు పాఠకుడికి మేలు చేయలేదన్నది నా నిశ్చితాభిప్రాయం. చదివినప్పుడు కలిగే ఉత్సాహాన్నే మార్పు అనుకునేలా అది నేర్పింది.

తెలుగులో ఈ పుస్తకాలు విస్తారంగా ఇళ్లకు చేరింది 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత. సీరియళ్లతో అప్పటికే ఇంటింటికీ తెలిసిన యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ రాశారు. మెజీషియన్‌గా పేరున్న బి.వి. పట్టాభిరామ్ ఊరూరా శిక్షణ తరగతులు నడిపారు. ఇదంతా వ్యాపారమేనని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. తెలుగు మీడియంలో చదివి, పల్లె వదిలి అమీర్‌పేటలో కోచింగుకు దిగిన కుర్రవాడికి ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో చెప్పే అన్న ఇంట్లో లేడు. భయపడటం నీ ఒక్కడికే కాదని ధైర్యం చెప్పింది ఆ పుస్తకమే. ఆ మేలు నిజమైనది. తర్వాత అనువాదాలు వరదలా వచ్చాయి, ఇప్పుడు పుస్తకాల సారాంశాలను పది నిమిషాల్లో చెప్పే వీడియోలు వచ్చాయి. ఆగమకాలం ఇంత చవకగా ఎన్నడూ లేదు.

ఈ చవకే సమస్యను తెచ్చింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ఫలితాలు అచ్చు వేసింది. ఒక్కొక్కరూ ఒక్కో చిన్న అలవాటు ఎంచుకున్నారు. అది దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలాయి, లెక్క ప్రకారం కొందరికి 254 రోజులు కావాలి. ఒక రోజు తప్పితే పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. సగటునే తీసుకుని, ఒకదాని తర్వాత ఒకటిగా పట్టుకుంటే, ఏడాదిలో ఐదారు అలవాట్లకు మించి పట్టవు. ఏడాదికి పాతిక వికాస పుస్తకాలు చదివేవాళ్లు ఏం కోల్పోతున్నారో ఈ అంకెలే చెబుతున్నాయి. నా దృష్టిలో రెండు నెలలకు ఒక్క పుస్తకం, అందులోంచి ఒక్క పని. అది నిలదొక్కుకునే దాకా రెండో పుస్తకం తెరవకూడదు. నవలలకూ కవిత్వానికీ ఈ నియమం వద్దు, వాటిని ఎన్నైనా చదవండి.

పోయిన గదిని తిరిగి తెచ్చుకోవడం కష్టం కాదు. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఇప్పుడు గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దుట్నించీ కూర్చుని ఉంటారు. అక్కడి గ్రంథపాలకుణ్ణి అడిగి వారానికొక సాయంత్రం ఒక బల్ల, ఐదు కుర్చీలు తీసుకోండి. ఒకే పుస్తకం చదివిన ఐదుగురు కూర్చుని, అందులో ఏముందో చెప్పుకోవద్దు. ఈ వారం ఏం చేశారో, ఎక్కడ తప్పారో మాత్రమే చెప్పుకోండి. తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసి, దాన్ని ఆ బల్ల సొరుగులోనే ఉంచండి.