మోపు నుంచి మిషన్ కట్ట దాకా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో వరికోత అయిపోగానే ట్రాక్టర్ వెనక గడ్డి కట్టే మిషన్ తిరగడం ఇప్పుడు మామూలు సంగతి. అది ఇక్కడికి రావడానికి దాని గొప్పతనం ఒక్కటే కారణం కాదు. కోసే చేతులు, మోసే భుజాలు ఊరు విడిచాకే దానికి చోటు దొరికింది.

పాత పద్ధతిలో వరిని మొదలంటా కొడవలితో కోసేవారు. మోపులు కట్టి కల్లానికి చేర్చి, ఎడ్లతో బంతి తిప్పి, మిగిలిన గడ్డిని వాము పెట్టేవారు. వాన నీళ్లు లోపలికి దిగకుండా వాము పెట్టడం అందరికీ వచ్చిన పని కాదు. దొరల పొలాల్లో ఈ చాకిరీ వెట్టివాళ్ల మీద, జీతగాళ్ల మీద పడేది. 1978 సెప్టెంబర్ 7న దొరలకు వ్యతిరేకంగా సాగిన జగిత్యాల జైత్రయాత్రకు కదిలిన జనంలో వాళ్లున్నారు. మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వెట్టి పోయింది, కూలి పెరిగింది. పడుచువాళ్లు బొంబాయికి, ఆ తర్వాత దుబాయికి, మస్కట్‌కు దారి పట్టారు.

మనుషులు తగ్గుతుంటే వరి మాత్రం పెరిగింది. 1963లో పునాదిరాయి పడ్డ శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నీళ్లు కాకతీయ కాలువ గుండా జగిత్యాల వైపు వచ్చాయి. కోరుట్ల, మెట్‌పల్లి రైతులకు చెరుకు, పసుపు ఉండేవి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరుకు వేయాలంటే వెనకాడాల్సి వచ్చింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల ఉచిత కరెంటు వచ్చింది. సిరిసిల్ల వైపు మిడ్ మానేరు నీళ్లూ అందాయి.

ఇంత పంటకు హార్వెస్టర్ తప్పలేదు. అది గింజను వేరు చేసి గడ్డిని వెనక వదిలేసి పోతుంది. దాన్ని ఏరి మోపు కట్టించాలంటే కూలి గిట్టదు. ఎడ్ల స్థానంలో ట్రాక్టర్ వచ్చిన ఇంటికి ఆ గడ్డితో పనీ లేదు. అందుకే అగ్గిపుల్ల గీశారు. నేలకు ఎంత చేటో తెలియక కాదు, యాసంగి నాట్లకు వ్యవధి లేక.

అలా వదిలేసిన గడ్డిని ఏరి కట్టే పనికే మిషన్ వచ్చింది. అమెరికాలో ఈ గడ్డి కట్టే మిషన్ (బేలర్) చరిత్ర పాతది. దారంతో ముడివేసే యంత్రాన్ని జాన్ యాపిల్‌బీ 1870ల్లోనే తయారుచేశాడు. ముడి దానంతటదే పడే చదరపు కట్టల బేలర్‌ను న్యూ హాలండ్ కంపెనీ 1940లో అమ్మకానికి తెచ్చింది. 1971లో వచ్చిన వెర్మీర్ కంపెనీ బేలర్ కట్టే పెద్ద గుండ్రటి కట్టను ఎత్తాలంటే ట్రాక్టరే కావాలి. మనకు కుదిరింది ఇరవై కిలోల అటూ ఇటూ ఉండే చిన్న గుండ్రటి కట్ట. ఒక్క మనిషి ఎత్తి ట్రాలీలో వేస్తాడు. పైగా ఇందులో దారం చుట్టుకుంటుందే తప్ప ముడి పడనక్కర్లేదు. ముడివేసే యంత్రాన్ని సరిచేయడం నేర్పుగల మెకానిక్‌కే తలనొప్పి. ఈ మిషన్ పల్లెల్లో నిలవడానికి ఆ తలనొప్పి లేకపోవడమే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

ఇప్పుడు పాత మిషన్లు కూడా చేతులు మారుతున్నాయి. కొనేవాళ్లు కొన్ని సంగతులు చూసుకోవాలి. గడ్డిని ఎత్తే పళ్లు, చైన్లు, బేరింగులు అరిగితే మార్చుకోవచ్చు. గేర్‌బాక్స్ పోతే ఖర్చు మోయలేం. దాన్ని కాపాడటానికే షేర్ బోల్ట్ ముందుగా తెగుతుంది. అది తెగుతోందని చిరాకుపడి గట్టి బోల్ట్ బిగించిన మిషన్ జోలికి పోవద్దు. కొత్త రంగు చూసి బయానా ఇవ్వకండి. ట్రాక్టర్‌కు తగిలించి, బాగా ఎండిన గడ్డి మీద నాలుగు కట్టలు కట్టించి చూశాకే బేరమాడండి.